ఎప్పుడు ఆగాలో తెలిసిన ఛార్జర్

విశాఖ పెదవాల్తేరులో మా పిన్ని ఇంట్లో ఒక బీపీ మిషన్ ఉంది. నాలుగు పెన్సిల్ సెల్స్ వేస్తే నడుస్తుంది. పిన్ని రోజుకి రెండుసార్లు చూసుకుంటుంది, మధ్యలో పక్క వాటాలవాళ్లు కూడా వచ్చి చెయ్యి చాపి కూర్చుంటారు. మామూలు సెల్స్ కొనీ కొనీ విసుగొచ్చి, రీఛార్జబుల్ సెల్స్ నాలుగు, వాటితో పాటే ఛార్జరూ ఒకే ప్యాకెట్లో దొరికితే తెచ్చుకుంది. మొదట్లో ఒకసారి ఛార్జింగ్ పెడితే మూడు వారాల పైనే వచ్చేవి. ఏడాది తిరిగేసరికి నాలుగు రోజులకి దిగాయి. "ఏటిరా ఇది! రాత్రంతా ఛార్జింగే పెడతన్నాను. రెండ్రోజులు అవకుండానే బ్యాటరీ బొమ్మ మినుకుమినుకుమంటంది. రీఛార్జబులంటే ఇంతేనేటి?" అని ఫోను.

ఆ నాలుగూ తెచ్చి, సెల్ ఎంత ఛార్జి పట్టుకుంటోందో కొలిచే ఛార్జర్ ఒకటి నా దగ్గరుంటే అందులో పెట్టాను. నాలుగింటి మీదా 2000 ఎంఏహెచ్ అనే రాసుంది, సెల్ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే కొలత అది. కొలిస్తే రెండు 1700కి కాస్త అటూ ఇటూ. మూడోది 1100. నాలుగోది 600 దాటలేదు. ఒకే ప్యాకెట్లోంచి వచ్చి, ఒకే మిషన్లో పనిచేసి, ఒకే రాత్రి ఛార్జింగుకి వెళ్లిన సెల్స్ ఇవి. మిషన్లో నాలుగూ ఒకదాని వెనక ఒకటి కలిసి పనిచేస్తాయి కాబట్టి, 600 ఉన్నది అలిసిపోగానే మిగతా మూడింట్లో ఎంత మిగిలినా లాభం లేదు, మిషన్ ఆగిపోతుంది. పిన్ని సెల్స్‌ని తిడుతోంది. నేను ప్యాకెట్లో కొసరుగా వచ్చిన ఆ తెల్ల ఛార్జర్‌ని తిప్పి చూశాను. దాని వెనక సన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: రెండు గానీ నాలుగు గానీ సెల్స్ మాత్రమే పెట్టాలి. సంగతంతా అందులోనే ఉంది, అక్కడికి వస్తాను.

షాపుకి వెళ్తే మనం అడిగేది ఏ కంపెనీ సెల్ మంచిది, ఎన్ని ఎంఏహెచ్ అని. ఛార్జర్ ఏదైనా ఒకటే అనుకుంటాం. నా అనుభవంలో వ్యవహారం తిరగబడి ఉంటుంది. ఒక మాదిరి సెల్స్‌ని మంచి ఛార్జర్ ఏళ్ల తరబడి నెట్టుకొస్తుంది. మంచి సెల్స్‌ని చెడ్డ ఛార్జర్ ఏడాదిలో పీల్చి పిప్పి చేస్తుంది. ఛార్జర్ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న ఎంత వేగంగా నింపుతుందని కాదు. సెల్ నిండిందని దానికి ఎలా తెలుస్తుంది?

ఇది అంత తేలిక ప్రశ్న కాదు. ఇళ్లలో వాడే రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్ దాదాపు అన్నీ నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. ఫోన్లో ఉండే లిథియం బ్యాటరీ అయితే వ్యవహారం సులువు. వోల్టేజీ దానికి నిర్ణయించిన గీత దగ్గరికి వచ్చాక అక్కడే పట్టి ఉంచితే కరెంటు దానంతటదే తగ్గిపోతుంది, బాగా తగ్గాక ఆపేస్తే సరి. నికెల్ సెల్‌కి అలాంటి ఖచ్చితమైన గీత లేదు. ఛార్జింగులో దాని వోల్టేజీ 1.4 దాటి మెల్లగా పాకుతూ ఉంటుంది. ఎక్కడిదాకా పాకుతుందనేది సెల్ వయసు బట్టి, గది వేడి బట్టి, ఎక్కిస్తున్న కరెంటు బట్టి మారిపోతుంది. కాబట్టి ఫలానా వోల్టు రాగానే ఆపెయ్ అని చెప్పి ఊరుకోవడం కుదరదు.

మరి ఏది ఆనవాలు? సెల్ నిండిపోయాక లోపలికి వెళ్తున్న కరెంటుకి చెయ్యడానికి పని ఉండదు. అప్పుడది లోపల ఆక్సిజన్ వాయువు పుట్టిస్తుంది. ఆ వాయువు అవతలి ఎలక్ట్రోడ్ దగ్గర మళ్లీ కలిసిపోతూ వేడి పుట్టిస్తుంది. అంటే నిండే దాకా చల్లగా ఉన్న సెల్, నిండగానే గబగబా వేడెక్కుతుంది. వేడెక్కేసరికి వోల్టేజీ శిఖరానికి చేరి, పిసరంత కిందికి జారుతుంది. రైస్ కుక్కర్‌కి గడియారంతో పని లేదు. గిన్నెలో నీళ్లు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, నీళ్లు ఇంకిపోగానే పైకి ఎగబాకుతుంది, టక్కున మీట పడుతుంది. మంచి ఛార్జరూ అంతే, లోపల జరిగే మార్పుని కనిపెట్టి ఆగుతుంది. కాకపోతే ఇక్కడ పట్టుకోవాల్సిన జారుడు ఒక్కో సెల్‌కి 5 మిల్లీవోల్టులు, ఒక్కోసారి ఇంకా తక్కువ. అంటే వోల్టులో 200వ వంతు. దీన్ని కనిపెట్టడానికి లోపల ఒక చిన్న చిప్ కావాలి, కొన్నిట్లో సెల్‌కి ఆనుకుని ఉష్ణోగ్రత చూసే సెన్సర్ కూడా ఉంటుంది. స్మార్ట్ ఛార్జర్ అనే మాటకి అసలు అర్థం ఇదే. డబ్బా మీద ఆ మాట ఉన్నంత మాత్రాన లోపల చిప్ ఉందని కాదనుకోండి.

అన్నిటికంటే చవక రకానికి ఆపడం అసలు తెలీదు. ప్లగ్గులో ఉన్నంతసేపూ సన్నగా కరెంటు పోస్తూనే ఉంటుంది. వాటి మీద 14 నుంచి 16 గంటలు అని రాసుంటుంది, ఆపాల్సింది మనమే. ఆ సన్న ధారతో సెల్ వెంటనే పాడవదు, కానీ మన ఇళ్లలో ఛార్జింగ్ పెట్టింది గుర్తొచ్చేది మర్నాడు సాయంత్రం. దాని పై మెట్టు టైమరు రకం. ఇన్ని గంటలు పోసి ఆగిపోతుంది. వినడానికి బాగానే ఉంది గానీ, సెల్‌లో అప్పటికే సగం ఉందా, పావు ఉందా అన్నది దానికి పట్టదు. సగం ఉన్న సెల్‌కీ ఖాళీ సెల్‌కీ ఒకే కొలత పోస్తుంది. పైగా మన దగ్గర ఇంకో తంటా ఉంది. పది గంటల టైమరులో ఎనిమిదో గంటలో కరెంటు పోయి, పది నిమిషాల్లో వచ్చిందనుకోండి. చాలా టైమరు ఛార్జర్లకి పాత లెక్క గుర్తుండదు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి ఇంకో పది గంటలు పోస్తాయి. ఈదురుగాలులు మొదలయ్యే ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఎన్నిసార్లు కరెంటు పోయి వస్తుందో విశాఖలో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. పోసిన అదనపు కరెంటంతా వేడి కింద మారి, లోపలి ఒత్తిడి మరీ పెరిగితే సెల్ కొనదగ్గరున్న సన్నని రంధ్రం తెరుచుకుని వాయువు బయటికి పోతుంది. ఆ తర్వాత ఆ సెల్ మునుపటిలా ఉండదు.

ఇప్పుడు పిన్ని ఛార్జర్ దగ్గరికి వద్దాం. రెండు గానీ నాలుగు గానీ పెట్టాలి అని ఎందుకు రాశారు? లోపల నాలుగు గదులున్నా, దారులు రెండే. పక్కపక్క సెల్స్ రెండిటినీ ఒక వైరు మీద వరుసగా కలిపి ఒకేసారి నింపుతుంది. రెండిటి గుండా వెళ్లేది ఒకే కరెంటు, ఒకటి నిండితే దాన్నొక్కదాన్నీ ఆపే వీలు లేదు. కొత్తలో రెండూ సమానం కాబట్టి ఏమీ తెలీదు. కొన్నాళ్లకి ఒకటి కాస్త తగ్గుతుంది, ఏ రెండు సెల్స్ కూడా ముమ్మూర్తులా ఒకలా ఉండవు. తగ్గింది ముందు నిండుతుంది, రెండోది నిండేదాకా దీనికి అదనపు పోత తప్పదు. అలా కాగి కాగి ఇంకాస్త తగ్గుతుంది. వచ్చేసారి ఇంకా ముందే నిండుతుంది, ఇంకా ఎక్కువసేపు కాగుతుంది. పిన్ని నాలుగు సెల్స్‌లో 1700, 1100, 600 అని మెట్లు పడ్డది ఇలాగే. వాటిని ఆవిడ ప్రతిసారీ ఏది ఎక్కడ పడితే అక్కడ పెట్టేది కాబట్టి జబ్బు ఒక జతతో ఆగలేదు, మూడోదానికీ అంటింది.

అందుకే నా మటుకు నాకు రాజీ పడకూడని షరతు ఒకటే: ఒక్కో సెల్‌కి ఒక్కో దారి ఉండాలి. షాపులో దీన్ని తేల్చుకోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఒకే ఒక సెల్ పెట్టినా ఛార్జ్ అవుతుందా, మూడు పెట్టినా అవుతుందా అని అడగండి. అవుతుందంటే దారులు వేరువేరుగా ఉన్నట్టే. నాలుగు గదులకీ నాలుగు లైట్లు ఉండి, ఒక్కోటి ఒక్కో టైములో ఆరుతుంటే ఇంకా నమ్మకం. నాలుగు గదులకీ కలిపి ఒకే లైటుంటే అనుమానించండి. డాబాగార్డెన్స్‌లో నేను అడిగిన షాపతను "ఎవరూ ఇవి అడగరండి, ఎంతసేపట్లో ఎక్కుద్ది అనే అడుగుతారు" అన్నాడు. డబ్బా విప్పి ఒక్క సెల్ పెట్టి చూపించాడు. పెట్టగానే లైటు వెలిగింది, నాకంతే కావాలి.

ఎంతసేపట్లో ఎక్కుతుందన్న ప్రశ్న అనవసరమైందేమీ కాదు. లెక్క సులువే. సెల్ మీదున్న ఎంఏహెచ్ అంకెని, ఛార్జర్ ఒక్కో గదికి ఇచ్చే మిల్లీఆంపియర్లతో భాగించి, నష్టాల కోసం ఓ ఐదో వంతు కలుపుకోండి. 2000 సెల్‌కి 500 చొప్పున ఎక్కిస్తే నాలుగు గంటలు, పైన ముప్పావు గంటో ఇంకాస్తో. డబ్బా మీద పెద్దగా వేసే అంకె రెండు సెల్స్ పెట్టినప్పటిది అయ్యుండొచ్చు, నాలుగు పెడితే అందులో సగమే వచ్చే రకాలున్నాయి. ఆ సంగతి కింద సన్న అక్షరాల్లో ఉంటుంది. పదిహేను నిమిషాల్లో, అరగంటలో నింపుతామనే రకాలని ఇంట్లోకి రానివ్వకపోవడమే నయం. సెల్ వేడికే సగం చస్తుంది. అలాగని ఎంత నెమ్మదైతే అంత మంచిదనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. కరెంటు మరీ సన్నగా ఉంటే ఇందాక చెప్పిన 5 మిల్లీవోల్టుల జారుడు ఇంకా చిన్నదైపోయి ఛార్జర్ కంటపడదు. నిండిందని తెలీక పోస్తూనే ఉంటుంది. డబుల్ ఎ సైజుకి, అంటే మామూలు పెన్సిల్ సెల్‌కి, 500 నుంచి 1000 మధ్య, సన్నగా ఉండే ట్రిపుల్ ఎ సైజుకి అందులో సగం. ఇళ్లకి ఇది హాయిగా సరిపోతుంది. కరెంటు బిల్లు గురించి బెంగ వద్దు. నాలుగు సెల్స్ నింపడానికి పోయేది ఓ 20 వాట్ అవర్లు, యూనిట్‌లో 50వ వంతు.

సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి మనకి రెండు బెడదలు ఎక్కువ. మొదటిది వేడి. ఈ సెల్స్ వేడిలో ఛార్జిని సరిగా పుచ్చుకోవు, గది 40 డిగ్రీలకి దగ్గరైతే ఛార్జింగే పెట్టకపోవడం మంచిది. మే నెల మధ్యాహ్నం పడమటి కిటికీ గట్టు మీదో, ఫ్రిజ్ నెత్తినో, టీవీ వెనకో పెడితే, ఉష్ణోగ్రత చూసి ఆగే ఛార్జర్ సెల్ నిండకుండానే నిండిందనుకుని ఆగిపోవచ్చు. ఫ్యాను గాలి తగిలే బల్ల మీద, రాత్రి పూట పెట్టండి. చివర్లో సెల్ గోరువెచ్చగా తగలడం సహజం, వేలు పెట్టలేనంత కాలితే మాత్రం ఛార్జర్‌ని మార్చే రోజు వచ్చినట్టే. రెండోది ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో తలుపు బందులే పొరలు పొరలుగా రాలిపోతుంటే ఛార్జర్‌లో సన్నని రేకులు ఎంత? వాటి మీద కంటికి కనపడీ కనపడని పొర కడుతుంది. ఆ పొర అడ్డుపడి వోల్టేజీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, ఛార్జర్ లెక్క తప్పుతుంది, మంచి సెల్‌ని కూడా పాడైందని ఎర్ర లైటు వేసి చూపిస్తుంది. నెలకోసారి ప్లగ్గు తీసేసి, ఇంజెక్షన్‌కి ముందు రాసే స్పిరిట్‌లో ముంచిన దూదితో రేకులూ, సెల్స్ రెండు కొనలూ తుడిస్తే చాలు. నేను బాగుచేశానని పేరు తెచ్చుకున్న ఛార్జర్లు మూడున్నాయి. మూడింటికీ చేసింది ఇంతే.

తుడిచాక కూడా ఎర్ర లైటే వస్తే అప్పుడు సెల్‌నే అనుమానించాలి. ముసలి సెల్‌లో అంతర్గత నిరోధం, అంటే కరెంటుకి లోపలి అడ్డు, పెరిగి, కరెంటు ఎక్కించబోగానే వోల్టేజీ ఎగిసిపడుతుంది. తెలివైన ఛార్జర్ అది చూసి నా వల్ల కాదంటుంది. చవక ఛార్జర్ ఏమీ అనకుండా దాన్ని కాచేస్తుంది. చవక ఛార్జర్‌లో బానే ఎక్కుతోంది కదా, కొత్తదే పనికిరానిది అని తిరిగిచ్చేసినవాళ్లని నేనెరుగుదును.

సెల్స్ సంగతి కూడా కాస్త చెప్పుకుంటే ఛార్జర్ ఎంపిక తేలికవుతుంది. డబుల్ ఎ సైజు నికెల్ సెల్‌లో నిజంగా పట్టేది 2500, మహా అయితే 2700. ట్రిపుల్ ఎలో 1000కి కాస్త అటూ ఇటూ. 3500, 4000 అని రాసుంటే అది సెల్ కాదు, కవిత్వం. పైగా ఎక్కువ పట్టే సెల్ తక్కువ కాలం బతుకుతుంది. ఎనిలూప్ అనే పేరుతో వచ్చే సెల్స్‌నే చూడండి. ఆ పేరుని 2005లో సాన్యో తెచ్చింది, తర్వాత ఆ కంపెనీతో పాటు పానసోనిక్ చేతికి వచ్చింది. అందులో 2000 రకానికి కంపెనీ చెప్పే ఛార్జింగుల సంఖ్య 2100 దాకా ఉంటే, 2500 రకానికి 500. ఇంటి వాడకానికి 2000దే మేలు. అంతకంటే పెద్ద తేడా ఇంకోటుంది. పాతకాలపు నికెల్ హైడ్రైడ్ సెల్ నింపి సొరుగులో పడేస్తే నెలకి 20, 30 శాతం దానంతటదే కారిపోయేది. 2005 నుంచి వస్తున్న ఎనిలూప్ లాంటి కొత్త రకం ఏడాది తర్వాత తీసినా చాలావరకు అలాగే ఉంటుంది. ప్యాకెట్ మీద ముందే ఛార్జ్ చేసి అమ్ముతున్నట్టు రాసుంటే ఈ రకమే అనుకోవచ్చు. ఆర్ అక్షరంతో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు కూడా వెతకండి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో తెలుస్తుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన రాత్రి నా సొరుగులో ఉన్నవి పాత రకం. ఆగస్టులో నింపి పెట్టాను. టార్చి పావుగంట వెలిగి నిద్రపోయింది. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, గోడ ప్లగ్గుకే తగిలించే ఛార్జర్ చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. అప్పటినుంచి యూఎస్‌బీ వైరుతో నడిచే ఛార్జర్‌నే కొంటున్నాను. పవర్ బ్యాంకు మీద నడుస్తుంది, కారులోనూ నడుస్తుంది. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది 37 వాట్ అవర్లు, దారిలో పోయేది పోగా నాలుగు సెల్స్‌ని ఒకసారి నింపగలదు. తుఫాను రాత్రికి అది తక్కువేం కాదు. ఒక్క జాగ్రత్త, పాత ఫోన్‌ తాలూకు చిన్న అడాప్టర్ తగిలిస్తే కరెంటు చాలక ఆగుతూ సాగుతూ ఉంటుంది. 5 వోల్టులు, 2 ఆంపియర్లు ఇచ్చేది తగిలించండి.

ఈమధ్య లిథియం పెన్సిల్ సెల్స్ కూడా వస్తున్నాయి. సెల్ నడుముకే చిన్న యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది, లేదా సొంత ఛార్జర్‌తో వస్తాయి. లోపలి సర్క్యూట్ వోల్టేజీని తగ్గించి 1.5 ఇస్తుంది. అవి నిజంగానే బాగుంటాయి, అయితే అయిపోయేటప్పుడు నెమ్మదించడమనేది లేకుండా ఒక్కసారిగా ఆగిపోతాయి. వాటిని పొరపాటున కూడా నికెల్ ఛార్జర్‌లో పెట్టకూడదు. అదే సైజులో 3.7 వోల్టుల లిథియం సెల్ కూడా దొరుకుతుంది, దాన్ని పిల్లల బొమ్మలో వేస్తే బొమ్మ మాడిపోతుంది. మామూలు ఆల్కలైన్ సెల్‌ని ఏ ఛార్జర్‌లోనూ పెట్టొద్దు, లోపలి క్షారం కారుతుంది. ఇంట్లో రెండు మూడు రకాలుంటే వేరువేరు డబ్బాల్లో పెట్టుకోవడమే మందు.

1.2 వోల్టుల సెల్ 1.5 వోల్టుల చోట సరిపోతుందా అని చాలామంది అడుగుతారు. ఆల్కలైన్ సెల్ 1.5 దగ్గర మొదలై, సగం దూరం వచ్చేసరికే 1.2కి దిగుతుంది. నికెల్ సెల్ చివరిదాకా 1.2 దగ్గరే నిలబడుతుంది. కాబట్టి బీపీ మిషన్, బొమ్మలు, మౌసు, ఫ్లాష్ లైటు అన్నీ నడుస్తాయి. గోడ గడియారానికి, టీవీ రిమోట్‌కి మాత్రం నేను రీఛార్జబుల్ వెయ్యను. ఏడాదికొకటి అడిగే గడియారానికి చవక సెల్ చాలదూ? ఇంకో పాత నమ్మకం, సెల్‌ని పూర్తిగా పిండేశాకే ఛార్జింగ్ పెట్టాలని. అది నికెల్ కాడ్మియం కాలం మాట. ఇప్పటి సెల్స్‌ని అలా పిండితే, బలహీనమైన సెల్‌ని మిగతావి ప్లస్సూ మైనస్సూ తిరగబడేలా చేసి చంపేస్తాయి. మిషన్ నీరసించగానే తీసి ఛార్జింగ్ పెట్టెయ్యండి.

పిన్నికి నాలుగు దారుల ఛార్జర్, నాలుగు కొత్త సెల్స్ ఇచ్చి వచ్చాను. 1700 చూపించిన పాతవి రెండూ ఆవిడ టార్చికి వెళ్లాయి. 1100ది, 600ది చెత్తబండిలో వెయ్యకుండా పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇవ్వడానికి సంచీలో పడేసుకున్నాను. 2022 నాటి నిబంధనల ప్రకారం అమ్మిన కంపెనీలే వాటిని వెనక్కి తీసుకునే ఏర్పాటు చెయ్యాలి. వస్తూ వస్తూ, కలిసి కొన్న సెల్స్‌ని కలిపే వాడమని, కొన్న నెల వాటిమీద మార్కర్‌తో రాసిపెట్టుకోమని చెప్పాను. నెల తర్వాత వెళ్లి చూస్తే కొత్త నాలుగింటి మీదా చవితి అని, టార్చిలో రెండిటి మీదా సంక్రాంతి అని గుండ్రటి అక్షరాల్లో రాసుంది. "అంకెలైతే మర్చిపోతానురా, పండగలైతే గుర్తుంటాయి" అంది. మిషన్‌కి చవితివి, టార్చికి సంక్రాంతివి. ఇంతవరకు ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి వెళ్లలేదు.